సక్షన్ ఎక్కువ, డిశ్చార్జి తక్కువ ఉన్నప్పుడు గ్యాస్ నింపకండి

ఏప్రిల్ మొదటి వారంలో సాలిగ్రామం నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లిళ్లకి వంటలు చేసి పంపే అక్క, ఒంగోలు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడి పాతికేళ్లవుతోంది. "తమ్ముడూ, కోల్డ్ రూమ్ చల్లబడట్లేదు, రెండు నెలల్లో మూడుసార్లు గ్యాస్ నింపి డబ్బులు తీసుకెళ్లారు, రేపు పొద్దున మూడొందల మందికి పెరుగన్నం పంపాలి, పెరుగంతా పులిసిపోయేట్టుంది" అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

మూడుసార్లు గ్యాస్ అన్న మాట వింటే నాకు కడుపు రగిలిపోతుంది. గ్యాస్ ఏమన్నా పెట్రోలా, మెషిన్ తిరిగేకొద్దీ అయిపోవడానికి? మూసేసిన పైపుల్లో తిరిగి తిరిగి వచ్చేదే అది. కంప్రెసర్ దాన్ని ఒక వైపు నుంచి లాగుతుంది, అది సక్షన్; నొక్కి రెండో వైపు పంపుతుంది, అది డిశ్చార్జి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు, ఆ కారే చోటు పట్టుకోకుండా మళ్లీ నింపడం తప్పు. అసలు తగ్గకుండానే నింపడం ఇంకా పెద్ద తప్పు. అక్క ఇంట్లో జరిగింది ఆ రెండోది.

ఈ పనిలో ఇరవై ఏళ్ల పైనే ఉన్నాను. కొత్తగా పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు చాలామంది చల్లదనం లేదనగానే ముందు గ్యాస్ సిలిండర్ దించుతున్నారు, ఒత్తిడి కొలిచే గేజి తర్వాత. వాళ్ల కోసమూ, డబ్బు కట్టే ఓనర్ల కోసమూ అక్కడ జరిగింది మొత్తం రాస్తున్నాను, అంకెలతో సహా.

గూడూరు నుంచి వచ్చి నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడిని తీసుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. రూమ్ లోపల 13 డిగ్రీలు, ఉండాల్సింది 3 లేదా 4. మెషిన్ మూడు హెచ్‌పీ సెమీ హెర్మెటిక్, అంటే బోల్టులు విప్పి లోపల రిపేరు చేసుకోగలిగే రకం. ఇది పిస్టన్‌ది, పైన హెడ్ విప్పుకోవచ్చు. గ్యాస్ ఆర్404ఏ. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, శబ్దంలో తేడా లేదు, వేడిని బయట వదిలే కండెన్సర్ కాయిల్ శుభ్రంగానే ఉంది, ఫ్యాను బాగానే తోస్తోంది. కానీ కాయిల్ నుంచి వచ్చే గాలికి చెయ్యి అడ్డం పెడితే వేడే లేదు, ఏదో గోరువెచ్చగా ఉంది. రూమ్‌లోంచి వేడి లాగుతున్న మెషిన్ ఆ వేడిని బయట వదలాలి కదా. ఇక్కడ వదలడం లేదంటే లాగడం లేదనే. గేజి పెట్టకముందే నాకు సగం అనుమానం వచ్చింది అక్కడే.

గేజి పెట్టాను. సక్షన్ 95 పీఎస్ఐ, డిశ్చార్జి 235. బయట గాలి 33 డిగ్రీలు. ఈ మెషిన్ బాగున్నప్పుడు ఈ వేడికి సక్షన్ 60 దగ్గర, డిశ్చార్జి 290 చుట్టుపక్కల ఉండాలి. కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే 3.6 ఆంప్స్. మెషిన్ బిగించిన మనిషి ఎవరో గానీ పుణ్యాత్ముడు, బాగున్నప్పటి ఆంప్స్ 5.2 అని ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసి పెట్టాడు.

ఈ మూడు అంకెల్నీ విడివిడిగా కాకుండా కలిపి చదవాలి. డిశ్చార్జి ఒక్కటే చూస్తే గ్యాస్ తక్కువ అనిపిస్తుంది. ఆంప్స్ ఒక్కటే చూసినా అంతే. నా ముందు వచ్చినవాళ్లు ఆ రెండే చూశారు, నింపేశారు. కానీ గ్యాస్ నిజంగా తగ్గితే సక్షన్ కూడా పడిపోవాలి, 60 ఉండాల్సిన చోట 35, 30కి దిగాలి, కండెన్సర్‌లో చల్లారి ద్రవమైన గ్యాస్ పారే పైపుకి ఉండే సైట్ గ్లాసులో బుడగలు కనపడాలి. ఇక్కడ సక్షన్ పైకి పోయి కూర్చుంది, గ్లాసు నిండుగా ఉంది. రూమ్ వేడిగా ఉంటే సక్షన్ కొంత పెరగడం మామూలే, కాదనను. కానీ సక్షన్ పెరిగితే పిస్టన్‌కి ప్రతి స్ట్రోకుకీ ఎక్కువ గ్యాస్ అందుతుంది, మోటారు ఎక్కువ కష్టపడుతుంది, ఆంప్స్ పెరగాలి. సక్షన్ పెరిగి ఆంప్స్ తగ్గాయంటే మోటారు తిరుగుతోంది గానీ గ్యాస్ మోయడం లేదు. మా భాషలో పంపింగ్ లేదంటాం.

ఊళ్లో బోరింగు పంపు కొట్టినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. లోపల వాషరు అరిగిపోతే హ్యాండిల్ తేలిగ్గా ఆడుతుంది, చేతికి బరువే తగలదు, నీళ్లు మాత్రం రావు. బరువు తగలకపోవడమే ఇక్కడ ఆంప్స్ తగ్గడం. కంప్రెసర్‌లో ఆ వాషరు పని చేసేవి రీడ్ వాల్వులు, కాగితమంత పల్చటి స్ప్రింగు స్టీలు రేకులు. పిస్టన్ కిందికి దిగితే సక్షన్ రేకు తెరుచుకుని గ్యాస్ లోపలికొస్తుంది, పైకి లేస్తే అది మూసుకుని డిశ్చార్జి రేకు తెరుచుకుంటుంది. ఈ మోటారు నిమిషానికి 1450 చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒక్కో రేకు నిమిషానికి 1450 సార్లు కొట్టుకుంటుంది. రోజుకి పదహారు గంటలు మెషిన్ నడిస్తే దాదాపు 14 లక్షల సార్లు. అంత పల్చటి రేకు ఏళ్ల తరబడి అలా కొట్టుకుని నిలబడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సక్షన్ రేకు విరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా నొక్కిన గ్యాస్ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అందుకే సక్షన్ పెరుగుతుంది, కొన్నిసార్లు గేజి ముల్లు సన్నగా వణుకుతుంది కూడా. అక్క మెషిన్‌కి అది వణికింది, కుర్రాడికి చూపించాను. డిశ్చార్జి రేకు లీకైతే కథ కొంచెం వేరు. ఒకసారి నొక్కి పంపిన వేడి గ్యాస్ మళ్లీ పిస్టన్ ఆడే సిలిండర్‌లోకి కారి, దాన్నే మళ్లీ నొక్కాల్సి వస్తుంది, అందుకని డిశ్చార్జి పైపు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కాలుతుంది. కంప్రెసర్ నుంచి ఒక జానెడు దూరంలో పైపు మీద థర్మామీటర్ కట్టి చూడండి, 107 డిగ్రీలు దాటితే ప్రమాదంలో ఉన్నట్టే. పైపు మీద అంత ఉంటే లోపల వాల్వు దగ్గర ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది, ఆయిల్ మాడి నల్లగా బొగ్గు పట్టి, ఆ బొగ్గు వాల్వు కింద చేరి లీకు ఇంకా పెరుగుతుంది.

చిన్న లెక్క ఒకటి చెప్తాను, ఇది నాకు మా మేస్త్రీ నేర్పించింది. రెండు ప్రెషర్లకీ 15 చొప్పున కలపండి, అది మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. తర్వాత పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. అక్క మెషిన్‌కి 250ని 110తో భాగిస్తే 2.3 వచ్చింది. బాగున్నప్పుడు 305ని 75తో భాగిస్తే 4 పైనే. మెషిన్ ఎంత నొక్కుతోందో ఆ అంకె చెప్పేస్తుంది. కంపెనీవాళ్లు ప్రతి మోడల్‌కీ ఏ ప్రెషర్ల దగ్గర ఎన్ని ఆంప్స్ తీసుకోవాలో పట్టిక ఇస్తారు, అది దొరికితే ఇంకా మంచిది, మన ఊహతో పని ఉండదు.

అయినా ఇక్కడితో కంప్రెసర్ పోయిందని నేను చెప్పలేదు, చెప్పను కూడా. దానికి కారణం ఉంది.

చాలా ఏళ్ల కిందట అంబత్తూరులో ఒక ఫ్రీజర్ రూమ్‌కి సరిగ్గా ఇవే గుర్తులు చూశాను. సక్షన్ ఎక్కువ, డిశ్చార్జి తక్కువ, ఆంప్స్ తక్కువ. ఓనర్‌కి కంప్రెసర్ మార్చాలని గట్టిగా చెప్పాను, ఆయన నన్ను నమ్మి డబ్బు కట్టాడు. కొత్తది బిగించి స్టార్ట్ చేస్తే గేజిలు మళ్లీ అవే అంకెలు చూపించాయి. ఒళ్లంతా చెమట పట్టింది నాకు. అది రూమ్ లోపలి కాయిల్ మీద మంచు కరిగించడానికి వేడి గ్యాస్ పంపించే రకం, ఆ లైనులో ఉన్న, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలనాయిడ్ వాల్వు సరిగ్గా మూసుకోక, వేడి గ్యాస్ రోజంతా డిశ్చార్జి నుంచి సక్షన్ వైపుకి దొడ్డిదారిన పోతోంది. సోలనాయిడ్ దాటాక పైపు మీద చెయ్యి వేసి ఉంటే తెలిసిపోయేది, చల్లగా ఉండాల్సిన పైపు కాలుతోంది. ఆ పాత కంప్రెసర్‌కి ఏ రోగమూ లేదు. ఆ డబ్బు ఆయనకి నెలనెలా కట్టి తీర్చాను. అప్పటినుంచి, హై సైడు (డిశ్చార్జి వైపు) నుంచి లో సైడుకి (సక్షన్ వైపు) వేరే దారి ఏదైనా ఉందా అని వెతక్కుండా ఏ కంప్రెసర్ మీదా నేను తీర్పు చెప్పలేదు. వేడి గ్యాస్ లైను, లోడు తగ్గించే అన్‌లోడర్, కంప్రెసర్ లోపలే ఉండే రిలీఫ్ వాల్వు, చలికాలంలో వేడి గాలి కూడా ఇచ్చే ఏసీల్లో ఫోర్ వే వాల్వు, వీటిలో ఏది లీకైనా గేజి మీద అదే బొమ్మ పడుతుంది.

రూమ్ లోపలి కాయిల్‌లోకి ద్రవాన్ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు ఎక్కువ తెరుచుకున్నా సక్షన్ పెరుగుతుంది, దాంతో కూడా పొరపడతారు. కానీ అప్పుడు సక్షన్ పైపు కంప్రెసర్ దాకా చల్లగా చెమట పట్టి ఉంటుంది, కంప్రెసర్ ఒళ్లు కూడా చల్లబడుతుంది, ఆంప్స్ తగ్గవు. అక్క మెషిన్‌కి సక్షన్ పైపు పొడిగా ఉంది, కంప్రెసర్ దగ్గర చెయ్యి పెడితే చల్లదనమే లేదు.

అక్కడ వేడి గ్యాస్ లైను లేదు, అన్‌లోడర్ లేదు. ఇక మిగిలింది వాక్యూమ్ పరీక్ష. సక్షన్ సర్వీస్ వాల్వు పూర్తిగా మూసేసి, ఒత్తిడి పడిపోతే మెషిన్‌ని ఆపేసే లో ప్రెషర్ స్విచ్‌ని కాసేపు తప్పించి, మెషిన్ నడిపించాలి. ఆరోగ్యంగా ఉన్న పిస్టన్ కంప్రెసర్ చకచకా వాక్యూమ్‌లోకి, అంటే గేజి మీద సున్నా కన్నా కిందికి దిగి 20 అంగుళాల దాకా పోతుంది. ఆపేశాక ముల్లు అక్కడే నిలబడాలి. ఆయిల్‌లో కలిసి ఉన్న గ్యాస్ పొంగి ముల్లు కొద్దిగా లేస్తుంది, దాన్ని చూసి కంగారు పడకుండా రెండు మూడుసార్లు చెయ్యాలి. ఆపగానే ముల్లు జరజరా పైకి లేస్తే డిశ్చార్జి వైపు నుంచి కారుతోందని. అసలు కిందికే దిగకపోతే సక్షన్ వాల్వు మీద అనుమానం పెట్టుకోవాలి. అక్క మెషిన్ 12 పీఎస్ఐ దగ్గర ఆగిపోయింది, ఎంతసేపు చూసినా అంతకు కిందికి రాలేదు.

తమ్ముళ్లూ, ఒక హెచ్చరిక. ఈ పరీక్ష పిస్టన్ లేని స్క్రోల్ రకం కంప్రెసర్ మీద చెయ్యకండి. లోతు వాక్యూమ్‌లో నడిపితే లోపల స్క్రోల్ దెబ్బతింటుంది, టెర్మినళ్ల దగ్గర మెరుపు కొట్టి మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా ఉండేది రోటరీ, దానికి సక్షన్ రేకు ఉండనే ఉండదు, డిశ్చార్జి రేకు ఒక్కటే. ఇన్వర్టర్ ఏసీ అయితే మెషిన్ తన స్పీడు తానే తగ్గించుకుంటూ ఉంటుంది కాబట్టి టెస్ట్ మోడ్‌లో పెట్టి ఒకే స్పీడు మీద నడిపించకుండా తీసిన ప్రెషర్లకి అర్థమే లేదు. మామూలుగా తిరుగుతున్న ఇన్వర్టర్ ఏసీకి గేజి పెట్టి సక్షన్ ఎక్కువుందనీ, పంపింగ్ లేదనీ చెప్పేవాళ్లని నేను చూశాను, అది కస్టమర్‌కి చేసే అన్యాయం.

రేకులు బిగించి ఉండే వాల్వు ప్లేటు కిట్ తెప్పించడానికి సాయంత్రం అయ్యేట్టుంది కాబట్టి పెరుగు గిన్నెలు కాపాడటానికి అక్క కొడుకు కాశిమేడు వైపు నుంచి ఐసు దిమ్మలు తెచ్చాడు. పెద్ద పెద్ద గంగాళాల్లో ఐసు పోసి గిన్నెలు దింపాం. ఈ ఊళ్లో ఐసుకి పెద్ద చరిత్రే ఉంది. తిరువల్లిక్కేణి బీచి ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ 1842లో కట్టింది అమెరికాలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసి ఓడల్లో తెచ్చిన ఐసు దాచడానికే. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి పని అది. 1897లో వివేకానందుడు బస చేసిన ఇల్లు కూడా అదే. ఆ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా నేను ఒకసారి బండి స్లో చేసి చూస్తాను.

కిట్ వచ్చాక మెయిన్ ఆపి, సర్వీస్ వాల్వులు మూసి, కంప్రెసర్‌లో మిగిలిన గ్యాస్‌ని గ్యాస్ సిలిండర్‌లోకి తీసి హెడ్ విప్పాం. గాస్కెట్ అంటుకుపోయి ఉంది, నిదానంగా లేపాల్సి వచ్చింది. కుర్రాడు టార్చి పట్టుకున్నాడు. రెండో సిలిండర్ సక్షన్ రేకు చివర విరిగిపోయి ఉంది, తెగిన గోరు ముక్కలా నెలవంక ఆకారంలో. విరిగిన అంచు తెల్లగా మెరుస్తోంది, మిగతా రేకంతా ఆయిల్ వేడికి గోధుమరంగు తిరిగింది. ఊడిన ముక్క పిస్టన్ తల మీద నలిగి పడి ఉంది, అది ఎగిరెగిరి కొట్టుకున్న చోటల్లా పిస్టన్ మీద చిన్న చిన్న సొట్టలు, ఎవరో మేకుతో పొడిచినట్టు. వేలితో తడిమి చూశాను, సిలిండర్ గోడ మీద గీతలు పడలేదు. అదృష్టం. ఇంకో పది రోజులు అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించుకోదలచుకోలేదు. అయస్కాంతంతో ముక్క తీశాను, పొడి కూడా తుడిచాను, కొత్త వాల్వు ప్లేటు, కొత్త గాస్కెట్లు వేసి కంపెనీ చెప్పిన టార్క్ ప్రకారం బోల్టులు ఎదురెదురుగా బిగించాం.

మన వాళ్లలో చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని బిల్లు రాస్తారు. రేకు ఊరికే విరగదు. పిస్టన్ గ్యాస్‌ని నొక్కగలదు, ద్రవాన్ని నొక్కలేదు. సిలిండర్‌లోకి ద్రవం గానీ ఆయిల్ ముద్ద గానీ వస్తే ఆ దెబ్బకి ముందు తెగేది ఆ పల్చటి రేకే. మరి ద్రవం ఎలా వచ్చింది?

రూమ్‌లోకి వెళ్లి ఎవాపరేటర్, అంటే రూమ్‌ని చల్లబరిచే కాయిల్, పక్క కవరు తీశాను. పైపు చల్లదనం కనిపెట్టి చెప్పే ఎక్స్‌పాన్షన్ వాల్వు బల్బు సక్షన్ పైపుకి గట్టిగా అతుక్కుని ఉండాలి, రాగి పట్టీతో బిగించి, పైన ఇన్సులేషన్ చుట్టి. ఇక్కడ పట్టీ లేదు, ఒక ప్లాస్టిక్ ట్యాగుతో వదులుగా వేలాడదీశారు, ఇన్సులేషన్ ఊసే లేదు. బల్బు పైపు చల్లదనాన్ని చూడటం మానేసి రూమ్ గాలిని చూస్తోంది. గాలి పైపు కన్నా వెచ్చగా ఉంటుంది కాబట్టి కాయిల్‌కి ఇంకా కావాలి కావాలి అని వాల్వుని తెరిపిస్తూనే ఉంది, మిగిలిన ద్రవమంతా వెనక్కి కంప్రెసర్‌లోకి. సంక్రాంతి ముందు కాయిల్ కడిగించామని అక్క చెప్పింది. అప్పుడు విప్పి ఉంటారు, మళ్లీ సరిగ్గా కట్టలేదు. కంప్రెసర్ ఆయిల్‌ని వెచ్చగా ఉంచే క్రాంక్ కేస్ హీటర్ చూస్తే దాని వైరు కూడా తెగి ఉంది, అంటే కరెంటు పోయి మెషిన్ ఆగిన రాత్రుల్లో గ్యాస్ ఆయిల్‌లోకి చేరి, స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆయిల్ నురగలై పొంగి ఉంటుంది. పైగా మూడుసార్లు నింపిన గ్యాస్. రేకుకి ఎన్ని వైపుల నుంచి దెబ్బ తగిలిందో చూడండి. ఇవేవీ చూడకుండా కొత్త కంప్రెసర్ పెట్టినా అది దసరా దాకా ఆగేది కాదు.

బల్బుని పైపు పైభాగాన, అడుగున ఆయిల్ పారే చోటు తప్పించి, రాగి పట్టీతో బిగించి ఇన్సులేషన్ చుట్టాం. హీటర్ వైరు వేశాం. తేమ, చెత్త పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్చి, వాక్యూమ్ చేసి, ఎక్కువైన గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా గ్యాస్ సిలిండర్‌లోకి తీశాం. తీసింది రెండు కిలోల పైచిలుకు. అక్క దాన్ని కళ్లారా చూడాలని తూకం మీద పెట్టి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు, సిలిండర్ వైపు కాసేపు చూసి లోపలికి వెళ్లి మాకు మజ్జిగ తెచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకి స్టార్ట్ చేశాం. ఆంప్స్ ముందు 5.6కి ఎక్కి, రూమ్ చల్లబడేకొద్దీ దిగుతూ వచ్చాయి. కండెన్సర్ గాలి ముఖానికి వేడిగా కొట్టింది, ఆ వేడి తగిలితే వచ్చే నిశ్చింత ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. పన్నెండింటికి రూమ్ 4 డిగ్రీలు. సక్షన్ 61, డిశ్చార్జి 275, ఆంప్స్ 5.1, కాయిల్ బయట సూపర్‌హీట్, అంటే ద్రవమంతా ఆవిరయ్యాక గ్యాస్ వేడెక్కినంత, 6 డిగ్రీలు. గంగాళాల్లోంచి పెరుగు గిన్నెలు తుడిచి లోపల సర్దాం.

ఓనర్లకి నా విన్నపం ఒకటే. ఎవరైనా వచ్చి గ్యాస్ తక్కువుందంటే సక్షన్ ఎంత, డిశ్చార్జి ఎంత, ఆంప్స్ ఎంత అని ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి. లీకు ఎక్కడో చూపించమనండి. నిజంగా పని తెలిసినవాడు కోప్పడడు, ఆ మాట అడిగినందుకు సంతోషిస్తాడు.

బయల్దేరే ముందు ప్యానెల్ తలుపు లోపల, ఆ పాత 5.2 కింద, కుర్రాడి చేత తేదీ వేసి నాలుగు అంకెలూ రాయించాను. మొన్న అక్టోబరులో సర్వీసుకి వాడొక్కడే వెళ్లి అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, 60, 268, 5.0. బల్బు పట్టీ కూడా లాగి చూశా, గట్టిగానే ఉంది. కింద రాసేయమంటావా?"

రాయమన్నాను.